చుక్కల భూమిలో అమ్మ పాట

పోయిన ఏడాది ఎండాకాలం. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మా ఇంటి ముందు ఆటో ఆగింది. బెంగళూరులో బిల్డింగు పనులకు పోయి అక్కడే ఉండిపోయిన మా పల్లె అక్క దిగింది. వాళ్లమ్మ చనిపోయి ఏడాది. మరుసటి రోజు జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నారు.

నీళ్లు తాగి, చెంగుతో ముఖం తుడుచుకుని అడిగింది. "అబ్బయ్యా, మా అమ్మ పాటలు నువ్వు రికార్డు చేసుకుంటివంట గదా. రేపు కూటంలో ఒకటి వినిపిద్దామని. నా ఫోన్లోకి పంపీ."

ఉన్నాయి. పీహెచ్‌డీ చేసేటప్పుడు ఆ పెద్దమ్మ దగ్గర కూర్చుని చాలా పాటలు రికార్డు చేసుకున్నాను. నాట్ల పాటలు, తిరగలి పాటలు, చావు ఇంటి దగ్గర పాడే శోకాలు. పాట మధ్యలో ఆమె దగ్గు ఉంటుంది, కోడి కూత ఉంటుంది, "ఒరే ఆపు, గొంతెండిపోయింది" అన్న మాట ఉంటుంది. నా థీసిస్‌లో ఆ పాటల మాటలున్నాయి. గొంతు మాత్రం ఆ రికార్డుల్లోనే ఉంది.

ఫోన్ తీశాను. అకౌంటు తెరవబోతే ఇంగ్లీషులో నాలుగు లైన్లు వచ్చాయి. నియమాలు అతిక్రమించినందున మీ అకౌంటు నిలిపివేయబడినది.

ఆ నెలలోనే, అంబేద్కర్ జయంతి వారంలో, రెండు గ్లాసుల పద్ధతి మీద ఒక వ్యాసం రాసి, దాన్నే చదివి వీడియోగా పెట్టాను. కింద కామెంట్లలో "రిపోర్టు కొట్టండి" అని ఒకరినొకరు పిలుచుకోవడం చూశాను. పట్టించుకోలేదు. వీడియో పోతే పోయిందనుకున్నాను. కానీ వీడియోకు, మెయిలుకు, పెద్దమ్మ పాటలు దాచిన ఫోల్డరుకు అన్నిటికీ ఒకటే లాగిన్. ఒక్క తాళం పడితే ఇల్లంతా మూతపడింది. మొదట రికార్డు చేసిన మెమరీ కార్డు రెండేళ్ల కిందటే పాడైంది. ఇంటర్నెట్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను.

అక్కకు ఎట్లా చెప్పాలో తెలియక అంతా వివరించబోయాను. కంపెనీ, నియమాలు, అప్పీలు. ఆమె మొత్తం విని ఒకటే అడిగింది.

"మా అమ్మ పాటకు వాళ్ల పర్మిషన్ ఏందబ్బయ్యా?"

డాక్టరేటు ఉన్న నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. మరుసటి రోజు కూటంలో పాట లేదు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పలావు తిన్నాం. అక్క రాత్రి బస్సెక్కింది.

పందొమ్మిది రోజుల తరవాత అకౌంటు తెరుచుకుంది. ఎందుకు మూశారో చెప్పలేదు, ఎందుకు తెరిచారో చెప్పలేదు. మాట్లాడటానికి ఒక మనిషి లేడు, ఒక ఆఫీసు లేదు, ఒక గుమాస్తా లేడు. ఎమ్మార్వో ఆఫీసులో కనీసం అరుగన్నా ఉంటుంది, కూర్చుని అరవటానికి.

మిత్రులారా, ఈ భాగంలో టెక్నాలజీ గురించి మాట్లాడదామనుకుంటున్నాను. భయపడొద్దు. మనకు తెలిసిన భూమి గురించే మొదలుపెడతాను.

మా మెట్ట ప్రాంతంలో చుక్కల భూమి అంటే చిన్నపిల్లలకూ తెలుసు. బ్రిటిష్ వాళ్ల కాలంలో సర్వే చేసి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ రాశారు. అదే ఆర్ఎస్ఆర్. అందులో యజమాని పేరు రాయాల్సిన గడిలో, పేరు తేలని చోట చుక్కలు పెట్టి పోయారు. ఆ చుక్కల కింద మన తాతలు దున్నారు, విత్తారు, చచ్చిపోయారు. వందేళ్ల తరవాత ఆ చుక్కలే మెడకు చుట్టుకున్నాయి. ఆ భూములు నిషేధిత జాబితాకెక్కాయి. అమ్ముకోవటానికి లేదు, బ్యాంకులో అప్పు తెచ్చుకోవటానికి లేదు. చివరికి ఆ చుక్కల కోసమే 2017లో ఒక చట్టం చేయాల్సి వచ్చింది. 2023 మే 12న, మనకు పక్కనే ఉన్న కావలిలో, ముఖ్యమంత్రి సభ పెట్టి ఆ భూములకు హక్కులు ప్రకటించేదాకా వచ్చింది కథ.

దున్నడం వేరు, హక్కు ఉండటం వేరు అని మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఆన్‌లైన్ కంపెనీల నిబంధనలు చదవండి. మీరు పెట్టిన రాత, ఫొటో, పాట మీదే అని చాలావాటిలో రాసి ఉంటుంది. అబద్ధం కాదు. ఆ గడిలో మీ పేరే ఉంటుంది. కానీ తలుపు ఎప్పుడు మూయాలి, మూస్తే ఎవరిని అడగాలి, మీ సామాను మీరు ఎట్లా మోసుకుపోవాలి అనే గడులు చూడండి. అక్కడ మన వైపు చుక్కలే ఉంటాయి. చేను నీది, దారి మాది అంటారు. దారి లేని చేను ఏం చేసుకుంటాం?

ఇది కొత్త సంగతి కాదు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక ప్రకటన వేయమంటే, డబ్బు ఇస్తామన్నా, తిలక్ స్థాపించిన 'కేసరి' వేయలేదు. అప్పటి పెద్ద వేదిక అది. వాళ్ల నియమాలు వాళ్లవి. బాబాసాహెబ్ దాన్ని పట్టుకుని ఏడుస్తూ కూర్చోలేదు. 1927లో 'బహిష్కృత్ భారత్', 1930లో 'జనతా', 1956లో 'ప్రబుద్ధ భారత్'. భారత్ భూషణ్ పేరుతో సొంత ముద్రణాలయం కూడా పెట్టుకున్నారు. తెలుగులో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' పత్రిక నడిపారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. 1989లో బొజ్జా తారకం సంపాదకత్వంలో 'నలుపు' వచ్చింది. వీళ్లంతా వేరేవాళ్ల పత్రికల్లో రాయటం మానేసినవాళ్లు కాదు. అక్కడ రాస్తూనే, మన తాళం మన దగ్గర ఉండే చోటు ఒకటి కట్టుకున్నారు.

అయితే సాహిత్య పరిశోధన చేసినవాడిగా ఒక మాట చెప్పాలి. ఆ పాత పత్రికల సంచికలు వెతుక్కుంటూ నేను ఎక్కిన లైబ్రరీ మెట్లు ఎన్నో. పది సంచికలు రావాల్సిన చోట ఒకటి దొరికేది, అదీ చెదలు తిన్నది. సొంత ప్రెస్సు ఉంటే పత్రిక పుడుతుంది. అది బతకాలంటే నాలుగు ఇళ్లలో నాలుగు ప్రతులుండాలి. అప్పుడు నాకు ఇంత స్పష్టంగా అర్థం కాలేదు.

అకౌంటు తెరుచుకున్న రాత్రే పాటలన్నీ దించుకున్నాను. పాత లాప్‌టాప్ ఒకటి మూలన ఉంటే దుమ్ము దులిపి డెబియన్ వేశాను. అది లినక్స్ మీద నడిచే వ్యవస్థ, ఎవరికీ లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు. దాని మీద నెక్స్ట్‌క్లౌడ్ పెట్టాను. కంపెనీలు ఇచ్చే ఆన్‌లైన్ ఫోల్డర్ల లాంటిదే, కాకపోతే మన ఇంట్లో మన మిషన్ మీద ఉంటుంది. రెండు వారాలు కుస్తీ పట్టాను. ఇంటి ఫైబర్ కనెక్షన్‌కు బయటినుంచి వచ్చే దారి ఉండదని అప్పుడు తెలిసింది. ఒకే అడ్రసును కంపెనీ వాళ్లు చాలా ఇళ్లకు పంచుతారు. బయటివాడు తలుపు తట్టాలంటే మనకంటూ డోర్ నంబరు ఉండదు. దానికీ ఒక అడ్డదారి కనుక్కుని, ఎట్లో నడిపించాను. నా విద్యార్థులకు గొప్పగా చూపించాను. చూడండిరా, మన పాటలు మన ఇంట్లో.

తరవాత స్పాట్ వాల్యుయేషన్‌కు పది రోజులు నెల్లూరు పోయాను. రెండో రోజు కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది గానీ లాప్‌టాప్ లేవలేదు. పాస్‌వర్డ్ నా ఒక్కడి దగ్గరే. ఇంట్లో వాళ్లకు దాన్ని ఎట్లా లేపాలో తెలియదు. మా డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు కోసం ఆ పాటలు వినాలి, వినలేకపోయారు. తిరిగొచ్చాక ఒక అమ్మాయి అడిగింది. అరుంధతివాడ నుంచి వచ్చే పిల్ల, మాట సూటిగా ఉంటుంది.

"సార్, ఏమనుకోబాకండి. అప్పుడు తాళం కంపెనీ దగ్గర ఉన్నింది. ఇప్పుడు మీ దగ్గర ఉండాది. మాకేం తేడా సార్?"

రెండో ప్రశ్న. మొదటిది అక్క అడిగింది. ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసం.

ఊరి బావి మనల్ని తాకనీయలేదు కాబట్టి మన పల్లెలో మనం బావి తవ్వుకున్నాం. బాగుంది. ఆ బావికి ఒక ఇంటివాళ్లే గిలక బిగించి, చేద వాళ్ల ఇంట్లో దాచుకుంటే అది ఎవరి బావి? సొంత సర్వరు అనగానే మనకు పొంగిపోవాలనిపిస్తుంది. సొంతం ఎవరికి అని కూడా అడగాలి.

అప్పుడు పద్ధతి మార్చాం. నేను కాదు, మేము. సింక్‌థింగ్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి నడిమధ్య పెద్ద గోదాము లాంటి సర్వరు అక్కర్లేదు. నాలుగు మిషన్లలో ఒకే ఫోల్డరు పెడితే, ఏ రెండు కలిసినా ఒకదాన్ని చూసి ఒకటి సరిచేసుకుంటాయి. కరెంటు పోతే పోయినప్పుడు ఆగుతుంది, వచ్చినప్పుడు మళ్లీ అందుకుంటుంది. మా ఊళ్లకు సరిపోయే గుణం. కొత్త మిషన్‌ను చేర్చాలంటే రెండు వైపులా ఒప్పుకోవాలి. ఒకరు ఒప్పుకుంటే సరిపోదు. ఇప్పుడు పెద్దమ్మ పాటలు కలిగిరిలో మా ఇంట్లో ఉన్నాయి, వింజమూరులో ఒక విద్యార్థి ఇంట్లో ఉన్నాయి, కావలిలో ఒక మిత్రుడి దగ్గర ఉన్నాయి, బెంగళూరులో అక్క కొడుకు కంప్యూటర్లో ఉన్నాయి.

అంతా సాఫీగా లేదు. ఒకరోజు వింజమూరు పిల్లవాడు జాగా చాలడం లేదని పన్నెండు పాటలు తీసేశాడు. ఈ పద్ధతిలో ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతుంది. పాత ప్రతులు దాచే ఏర్పాటు ముందే పెట్టుకున్నాం కాబట్టి తిరిగొచ్చాయి. ఆ రోజునుంచి నెలకోసారి అన్నీ ఒక హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, వైరు పీకి, బీరువాలో పెడుతున్నాం. డబ్బు తక్కువే అవుతుంది, ఓపిక మాత్రం చాలా కావాలి. సాయంత్రం కూలి పని నుంచి వచ్చే పిల్లవాడికి ఆ ఓపిక ఎక్కడిది అని మీరడిగితే, నిజమే. ఖాళీ సమయం కూడా కులం ఆస్తే. అందుకే ఈ పని ఒక్కొక్కరం చేయలేం. పంచుకుని చేయాలి.

ఇంకో చిక్కు అక్క పెట్టింది. అన్ని పాటలూ విని ఫోన్ చేసింది. "అబ్బయ్యా, ఆ మూడో శోకం బయట పెట్టబాక. మా నాయన పోయినప్పటిది. అందులో మా అమ్మ మా చిన్నాయన్ను తిడతాది. మా ఇంట్లోనే ఉండనీ." ఓపెన్ అనే మాట మీద నాకున్న మోజును ఆ ఫోన్ సరిచేసింది. సాఫ్ట్‌వేర్ ఓపెన్‌గా ఉండాలి, అది ఎట్లా పనిచేస్తుందో ఎవరైనా చూడగలగాలి. అమ్మ ఏడుపు ఓపెన్‌గా ఉండాలా వద్దా అనేది కూతురు చెప్పాలి. ఆ శోకం ఇప్పుడు వేరే ఫోల్డరులో ఉంది. అది వాళ్ల ఇంటి మిషన్‌కు తప్ప ఎక్కడికీ పోదు. నా దగ్గర కూడా లేదు.

ఇంగ్లీషులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటారు. ఆ ఒక్క మాటకు రెండు అర్థాలు కావడంతో, ఆ ఉద్యమాన్ని 1983లో మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ నుంచి ఇవాళ్టి దాకా అందరూ వివరణ ఇచ్చుకుంటూనే ఉన్నారు. మన తెలుగుకు ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ ఉద్యమాన్ని నడుపుతున్న సంస్థ పేరే స్వేచ్ఛ. నడుపుకునే స్వేచ్ఛ, లోపల విప్పి చూసి మార్చుకునే స్వేచ్ఛ, ఇంకొకరికి ఇచ్చే స్వేచ్ఛ, మార్చినదాన్ని పంచే స్వేచ్ఛ. ఈ నాలుగూ ఉండాలి. కంపెనీలు మనకు ఉచితం ఇస్తాయి. పండక్కి దొర ఇచ్చే పాత చొక్కా కూడా ఉచితమే.

ఈ వ్యాసం మీరు తెలుగులో చదవగలుగుతున్నారంటే దాని వెనుక కూడా ఇట్లాంటి పనే ఉంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. కంప్యూటర్లో తెలుగు రాదు అనుకునే రోజుల్లో లేఖిని వచ్చింది, పోతన ఫాంటు వచ్చింది. జీతం లేకుండా చేసిన మనుషులు వాళ్లు. వాళ్లకు నా దండం.

దండం పెడుతూనే ఇంకో మాట అంటాను. గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్సుతో ఉన్న తెలుగు ఫాంట్ల పేర్లు చూడండి. పెద్దన ఉన్నాడు, తిమ్మన ఉన్నాడు, ధూర్జటి ఉన్నాడు, తెనాలి రామకృష్ణుడున్నాడు. శ్రీకృష్ణదేవరాయలున్నాడు. గిడుగు, గురజాడ, సురవరం ఉన్నారు. ఎన్టీఆర్ కూడా ఉన్నాడు. నేను చూసిన జాబితాలో జాషువా లేడు. మొల్ల లేదు. ఓపెన్ అన్నంతమాత్రాన కులం బయట చెప్పులు విడిచి రాదు. ఎవరికి తీరిక ఉందో, ఎవరికి కంప్యూటరు ముందు అందిందో వాళ్ల జ్ఞాపకాలే అందులోకి ముందు చేరతాయి.

కానీ ఇక్కడే తేడా ఉంది. ఆ ఫాంట్లకు ఉన్న లైసెన్సు ప్రకారం ఎవరైనా వాటిని తీసుకుని మార్చి, మళ్లీ అదే లైసెన్సు కింద అందరికీ ఇవ్వొచ్చు. మొదట చేసినవాళ్లు పేరును తమకే అట్టిపెట్టుకుంటే, మార్చినదానికి కొత్త పేరు పెట్టి తీరాలి. అంటే మన పిల్ల ఒకతి కూర్చుని అక్షరాలు దిద్ది, దానికి జాషువా అని పేరు పెడితే, ఆపే హక్కు ఎవరికీ లేదు. తలుపు మూసిన ఇంట్లో అన్యాయం జరిగితే అర్జీ పెట్టుకోవాలి. తలుపు తీసి ఉన్న ఇంట్లో జరిగితే లోపలికి పోయి సరిచేయొచ్చు. పోయేవాళ్లు మనలోంచి రావాలి, అంతే.

అయితే అందరం ఒక్క రోజులో పెద్ద కంపెనీలను వదిలేసి పోదామా? 2019 అక్టోబరు, నవంబరు గుర్తు తెచ్చుకోండి. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే పెట్టిన ఒక ఫొటో కారణంగా ట్విట్టర్ ఆయన అకౌంటు నిలిపేసింది. 1936లో హాంబర్గ్ ఓడల కర్మాగారంలో అందరూ నాజీ వందనం చేస్తుంటే ఒక్కడు చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో అది. అదే రోజుల్లో నీలం టిక్కులు ఎవరికి ఇస్తున్నారు, ఎవరికి ఇవ్వటం లేదు అని దళిత బహుజనులు కులం లెక్క అడిగారు. కోపంతో చాలామంది మాస్టడాన్‌కు వెళ్లారు. అది ఒక కంపెనీది కాదు. ఎవరి సర్వరు వాళ్లు పెట్టుకోవచ్చు, ఒక సర్వరువాళ్లు ఇంకో సర్వరువాళ్లతో మాట్లాడొచ్చు. మీది బీఎస్ఎన్ఎల్, నాది ఎయిర్‌టెల్ అయినా ఫోన్ కలుస్తుంది కదా, అట్లా. నేనూ వెళ్లాను. కొన్ని నెలలకు చాలామంది వెనక్కి వచ్చేశారు. నేనూ వచ్చేశాను. మన జనం ఇక్కడ ఉన్నారు. మన గొడవ వినాల్సినవాళ్లూ ఇక్కడే ఉన్నారు. సంత ఉన్న చోటే గంప దించాలి.

కాబట్టి ఈ వ్యాసం కూడా వాళ్ల గోడ మీదే చదువుతున్నారు. తెలుసు. నేనిప్పుడు దీన్ని సంతలాగే చూస్తున్నాను. గంప దించుతాను, అరుస్తాను, సాయంత్రానికి లేస్తాను. ధాన్యం మాత్రం ఇక్కడ దాచను. ఈ రాత ముందు మా ఫోల్డరులో మామూలు టెక్స్ట్ ఫైలుగా పడింది, నాలుగు ఊళ్లకు చేరింది, ఆ తరవాతే ఇక్కడికి వచ్చింది.

"ఇవన్నీ మనవల్ల అయ్యే పనులా సార్" అని అడుగుతారు. మా కలిగిరి మండలంలోనే దూబగుంట ఉంది. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు, పగలంతా కూలి చేసి రాత్రి దీపం దగ్గర అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ల ఊరు. వాళ్లు సారా దుకాణం మూయించిన కథ 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా వాచకంలోకి ఎక్కింది. ఆ పాఠం చదివిన ఊళ్లలో ఆడవాళ్లు మా ఊళ్లో ఎందుకు కాదు అని లేచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఈ ముసలాళ్లకు పలక పట్టడం వస్తదా అని అప్పుడూ అన్నారు. ఆ పాఠం ఊరూరికీ పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఒకరు చదివితే పదిమంది విన్నారు, విన్నవాళ్లు వాళ్ల ఊరి కథ చేర్చుకున్నారు.

ఈ వారం ఒక పని చేయండి. మీ అకౌంట్ల సెట్టింగుల్లోకి పోయి మీ సమాచారం మొత్తం దించుకోండి. చాలా కంపెనీలు ఆ వీలు ఇస్తాయి, వెతికితే దొరుకుతుంది. మీ ఉద్యమ ఫొటోలు, కరపత్రాలు, అమ్మమ్మ గొంతు, ఎఫ్ఐఆర్ కాపీలు. రెండు చోట్ల దాచండి. మూడో ప్రతి మీరు నమ్మే ఇంకో ఊరి మనిషికి ఇవ్వండి. పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంచొద్దు. సింక్‌థింగ్ పెట్టుకోవాలనుకునే సంఘాలు, హాస్టళ్లు రాయండి. మా అరుంధతివాడ అమ్మాయి వచ్చి నేర్పుతుంది. ఇప్పుడు నాకంటే ఆమెకే బాగా తెలుసు.

మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసింది. వెనకాల ఏదో పాట వినపడుతోంది. వంట చేసుకుంటూ పెట్టుకుందట. మాట్లాడుతుంటే మధ్యలో పెద్దమ్మ దగ్గు వినిపించింది, ఆ తరవాత "ఒరే ఆపు, గొంతెండిపోయింది." అక్క మాట ఆపేసింది. నేనూ ఆపేశాను. పాట మళ్లీ అందుకునేదాకా ఇద్దరం లైన్లోనే ఉన్నాం.

జై భీమ్.